కుళాయి నీరు: మీటరు చూపేది ఒకటి, ముప్పు మరొకచోట

క్లుప్తంగా: తిరుపతి, చిత్తూరు ఇళ్లలో నీటి మంచిచెడ్డలను టీడీఎస్ అంకెతో తేల్చేయడం అలవాటైంది. ఆ అంకె కరిగిన లవణాల మొత్తాన్ని చెబుతుంది. జబ్బు తెచ్చే క్రిములను చూపదు, ఫ్లోరైడును, నైట్రేటును విడదీసి చెప్పదు. జలాశయాల నుంచి వచ్చే నీటికి ముప్పు శుద్ధి కేంద్రంలో కంటే వీధి పైపులో, ఇంటి సంపులో ఎక్కువ. బోరు నీటికి ముప్పు అడుగున ఉన్న బండలో, పక్కన ఉన్న సెప్టిక్ ట్యాంకులో ఉంది. రెండింటికీ ఒకే పరీక్ష, ఒకే యంత్రం సరిపోవు.

తిరుపతి, చిత్తూరు పట్టణాల్లో చాలా ఇళ్లలో మూడు రకాల నీళ్లు వాడుతున్నారు. కార్పొరేషన్ కుళాయి నీరు వేళకు వచ్చి సంపులో పడుతుంది. బట్టలకూ గిన్నెలకూ బోరు నీరు. తాగడానికి ఇరవై లీటర్ల క్యాను, లేదా వంటింటి గోడకు బిగించిన ఆర్వో యంత్రం. వీటిలో ఏది మంచిదన్న వాదన వచ్చినప్పుడల్లా ఎవరి జేబులో నుంచో ఒక టీడీఎస్ మీటరు బయటికి వస్తుంది. 60 చూపితే అమృతం, 600 చూపితే విషం అన్నట్టుగా తీర్పు వెలువడుతుంది. కుళాయి నీటికి మందు వాసన వచ్చినా, గిన్నె అడుగున తెల్లటి పొర పేరుకున్నా, వాన పడిన మరునాడు నీరు రంగు మారినా అన్నిటికీ కలిపి ‘నీళ్లు బాగాలేవు’ అన్న మాట ఒక్కటే. నిజానికి ఇవి వేర్వేరు సంగతులు. కొన్నింటితో చిరాకు తప్ప హాని లేదు. కొన్ని ప్రాణాల మీదికి తెస్తాయి. చిక్కేమిటంటే, చిరాకు పెట్టేవే కంటికి బాగా కనిపిస్తాయి.

గ్లాసులో తేలిన మడ్డి

నీటి శుద్ధి యంత్రాలు అమ్మేవారు ఇంటింటికీ తిరిగి చూపే ప్రదర్శన ఒకటి ఉంది. ఈ గందరగోళంలో దాని వాటా తక్కువేమీ కాదు. రెండు గాజు గ్లాసులు తీసుకుంటారు. ఒకదానిలో కుళాయి నీరు, మరొకదానిలో ఆర్వో నీరు. రెండింటిలోనూ లోహపు కడ్డీలున్న చిన్న పరికరాన్ని ముంచి కరెంటు పెడతారు. నిమిషం తిరిగేసరికి కుళాయి నీటి గ్లాసులో గోధుమ రంగు మడ్డి తేలుతుంది, కొన్నిసార్లు ఆకుపచ్చ నురగ కూడా. ఆర్వో నీరు మాత్రం తేటగా నిలుస్తుంది. ‘ఇన్నాళ్లూ మీరు తాగుతున్నది ఇదీ’ అనడమే తరువాయి.

ఆ మడ్డి నీటిలో ఉన్నది కాదు, కడ్డీలో నుంచి వచ్చింది. నీటిలో లవణాలుంటే కరెంటు పారుతుంది. కరెంటు పారితే ఇనుప కడ్డీ కరిగి, తుప్పుగా మారి తేలుతుంది. ఆర్వో నీటిలో లవణాలు దాదాపు ఉండవు కాబట్టి కరెంటు సరిగా పారదు, కడ్డీ కరగదు. అదే ఆర్వో నీటిలో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ కడ్డీలు ముంచితే అంతే మడ్డి తేలుతుంది. ఆ పని మాత్రం ప్రదర్శనలో ఎవరూ చేయరు.

టీడీఎస్ మీటరు పనిచేసే సూత్రమూ ఇదే. అది లవణాలను తూకం వేయదు. నీటిలో కరెంటు ఎంత సులువుగా పారుతోందో చూసి, ఆ విలువను 0.5 నుంచి 0.7 మధ్య ఉండే ఒక గుణకంతో హెచ్చించి అంకె చూపుతుంది. కాల్షియమైనా, మామూలు ఉప్పైనా, నైట్రేటైనా దానికి తేడా లేదు. కరెంటుతో సంబంధం లేని బ్యాక్టీరియా, పురుగుమందుల అవశేషాలు దాని లెక్కలోకే రావు. మురుగు నీరు కాస్త కలిసిన కుళాయి నీటికి 180 చూపి, ఏ క్రిమీ లేని లోతు బోరు నీటికి 900 చూపడంలో ఆ మీటరు తప్పేమీ లేదు. దాన్ని అడిగిన ప్రశ్నే తప్పు.

కొండ నీరు, కాలువ నీరు, బండ నీరు

ఈ ప్రాంతపు నీటి స్వభావం అర్థం కావాలంటే తిరుమల ఘాట్ రోడ్డు మలుపుల్లో కనిపించే బండలను చూడాలి. ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అని భూవిజ్ఞానులు పిలిచే చోటు అక్కడ ఉంది. కింద అతి పురాతనమైన గ్రానైటు, దానిమీద కోట్లాది సంవత్సరాల విరామం తర్వాత పేరుకున్న క్వార్ట్‌జైట్ పొరలు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దీన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. క్వార్ట్‌జైట్ అంటే దాదాపు అంతా గట్టిపడిన ఇసుకే. నీటిలో కరిగే ఖనిజాలు అందులో తక్కువ. అందుకే శేషాచలం కొండల మీద పడి జారే వాన నీటిలో లవణాలు తక్కువగా ఉంటాయి. కింది మైదానంలో ఉన్న గ్రానైటు పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచే నీరు అలా కాదు. అది బండ నుంచి కాల్షియం, సోడియం, బైకార్బొనేట్, ఫ్లోరైడు వంటివి కొద్దికొద్దిగా తీసుకుంటూ ఉంటుంది.

తిరుపతికి చేరే నీటిలో కొండ వాటా కల్యాణి డ్యాం నుంచి వస్తుంది. చంద్రగిరి మండలంలో రంగంపేట దగ్గర, స్వర్ణముఖి ఉపనది కల్యాణి మీద 1970ల్లో కట్టిన ఈ జలాశయమే తిరుపతి, తిరుమల రెండింటి అవసరాలనూ తీరుస్తూ వచ్చింది. తిరుమలకు కొండమీదే గోగర్భం, పాపవినాశనం, ఆకాశగంగ, కుమారధార, పసుపుధార జలాశయాలున్నాయి. అయితే ఇవన్నీ వాన మీద ఆధారపడ్డవే. వాన ముఖం చాటేసిన ఏడాది నగరానికి దిక్కు తెలుగుగంగ. చెన్నై దాహం తీర్చడానికి 1983 ఒప్పందంతో రూపుదిద్దుకున్న ఈ పథకంలో కృష్ణా నీరు శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, వెలుగోడు, సోమశిల మీదుగా కండలేరు చేరి, అక్కడి నుంచి పూండి వైపు సాగుతుంది. సోమశిలలో పెన్నా నీరూ కలుస్తుంది. అంటే తిరుపతి కుళాయిలో ఒక నెల కొండ వాగు నీరు, మరో నెల వందల కిలోమీటర్లు కాలువలో ప్రయాణించిన నది నీరు రావచ్చు. రుచి మారిందని, పప్పు ఉడకడంలో తేడా వచ్చిందని గృహిణులు గమనించడంలో వింతేమీ లేదు. మూలం మారితే లవణాలూ మారతాయి.

చిత్తూరు పరిస్థితి వేరు. ఊరి మధ్య నుంచి పోయే నీవా ఏడాది పొడవునా పారే నది కాదు. పట్టణం దశాబ్దాలుగా బోర్లు, ట్యాంకర్లను నమ్ముకుంది. కుప్పం, పలమనేరు వైపు వెయ్యి అడుగులు దాటిన బోర్లు సర్వసాధారణం. గ్రానైటులో ఇసుక నేలలా అంతటా నీరు ఉండదు, పగులు దొరికిన చోటే ఉంటుంది. పక్కపక్క ఇళ్లలో ఒకరికి తీపి నీరు, మరొకరికి ఉప్పు నీరు పడటానికి కారణం ఇదే. అందుకే ‘మా వీధిలో నీళ్లు మంచివే’ అన్న మాట బోరు నీటి విషయంలో చెల్లదు. పరీక్ష వీధికి కాదు, ఒక్కో బోరుకు చేయించాలి.

జలాశయపు నీటికీ తన చిక్కులు తనకున్నాయి. వేసవిలో లోతైన జలాశయం పై నీరు వేడెక్కి, అడుగు నీటితో కలవకుండా ఉండిపోతుంది. అడుగున ప్రాణవాయువు తగ్గి, బురదలోని ఇనుము, మాంగనీసు నీటిలోకి దిగుతాయి. కుళ్లిన గుడ్డు వాసన కూడా అక్కడి నుంచే. తొలి వానలకు అడవిలోని ఎండుటాకుల రసం దిగి నీరు టీ రంగు పొందుతుంది. ఈ రెండు సందర్భాల్లోనూ శుద్ధి కేంద్రంలో పటిక మోతాదు, క్లోరిన్ మోతాదు వెంటనే మార్చాల్సి ఉంటుంది. ఒకటి రెండు రోజులు ఆలస్యమైతే ఆ తేడా కుళాయిలో కనిపిస్తుంది.

పప్పు ఉడకని నీరు

ప్రమాణాల సంగతికి వస్తే, భారత ప్రమాణాల సంస్థ తాగునీటికి నిర్దేశించిన ఐఎస్ 10500లో చాలా అంశాలకు రెండేసి హద్దులు ఉంటాయి. ఒకటి ఉండదగిన హద్దు, రెండోది వేరే నీరు దొరకనప్పుడు సహించదగిన హద్దు. టీడీఎస్‌కు అవి లీటరుకు 500, 2000 మిల్లీగ్రాములు. కాఠిన్యానికి 200, 600. ఈ రెండంకెల మధ్య ఉన్న నీరు విషం కాదు. రుచి, వాడకం, పైపుల మన్నిక దృష్ట్యా మెరుగైన నీరు దొరికితే అది వాడమని మాత్రమే దాని అర్థం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా టీడీఎస్‌కు ఆరోగ్యం దృష్ట్యా హద్దంటూ పెట్టలేదు.

కాఠిన్యం అంటే కాల్షియం, మెగ్నీషియం. అవి కందిపప్పు పొరల్లోని పెక్టిన్ అనే జిగురు పదార్థంతో బిగుసుకుని గింజను మెత్తబడనివ్వవు. కుక్కరు ఎన్ని కూతలు పెట్టినా పప్పు పలుకుగానే ఉంటుంది. సబ్బు నురగ రాదు. గీజరు కాయిల్ మీద సున్నపు పెచ్చు కడుతుంది, స్టీలు బిందెకు తెల్లటి మచ్చలు పడతాయి. వీటన్నిటి ఖర్చు నిజమే. కానీ ఈ తెల్లటి పొర కడుపులో పేరుకుంటుందని, కిడ్నీలో రాళ్లకు ఇదే మూలమని చెప్పుకునే మాటకు గట్టి ఆధారం లేదు. ఎండలు మండే ఈ ప్రాంతంలో రాళ్లకు పెద్ద కారణం చాలినంత నీరు తాగకపోవడమే. నీటిలోని కాల్షియంలో కొంత భాగం మరిగిస్తే అడుగున దిగిపోతుంది. గిన్నెలో కనిపించే పొర అదే. ఆ పొరను చూసి భయపడి మరిగించడం మానేసిన ఇళ్లు కూడా ఉన్నాయి. అంతకంటే తలకిందుల తీర్పు మరొకటి ఉండదు.

రుచికి దొరకని రెండు

బోరు నీటిలో నిజంగా గమనించాల్సినవి ఫ్లోరైడు, నైట్రేటు. రెండింటికీ రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు.

ఫ్లోరైడుకు ఐఎస్ 10500 హద్దులు లీటరుకు 1 మిల్లీగ్రాము, 1.5 మిల్లీగ్రాములు. భారతదేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని తొలిసారిగా 1937లో గుర్తించింది పొరుగునే ఉన్న నాటి నెల్లూరు జిల్లాలో. కాబట్టి ఈ నేలకు ఇది కొత్త సమస్య కాదు. పిల్లలకు శాశ్వత దంతాలు ఏర్పడే వయసులో, అంటే ఎనిమిదేళ్ల లోపు, ఎక్కువ ఫ్లోరైడు చేరితే పళ్ల మీద తెల్లటి, ముదురు గోధుమ రంగు చారలు పడతాయి. లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటిన నీటిని ఏళ్ల తరబడి తాగితే ఎముకలు, కీళ్లు బిగుసుకునే దశ మొదలవుతుంది.

ఇక్కడ అంతగా ప్రచారంలోకి రాని రసాయన సూత్రం ఒకటుంది. కాల్షియం, ఫ్లోరైడు ఒకే నీటిలో ఎక్కువ మోతాదులో ఇమడవు. రెండూ కలిసి కాల్షియం ఫ్లోరైడుగా గడ్డకట్టి నీటి నుంచి విడిపోతాయి. అందువల్ల గ్రానైటు బోర్లలో ఫ్లోరైడు ఎక్కువగా కనిపించేది పప్పు ఉడకని కఠిన జలంలో కాదు. కాల్షియం తక్కువగా, సోడియం, బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్న నీటిలో. అలాంటి నీరు సబ్బుకు నురగ ఇస్తుంది, గిన్నెకు పొర కట్టదు, మంచి నీరే అనిపిస్తుంది. లోతు పెరిగే కొద్దీ నీరు బండతో కలిసి ఉన్న కాలం పెరుగుతుంది కాబట్టి పాత బోరు ఎండి, దాని పక్కనే కొత్తగా వెయ్యి అడుగుల బోరు వేసిన ఊరు మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. పాత బోరు రిపోర్టు కొత్త బోరుకు పనికిరాదు. గ్రానైటు ప్రాంతాల్లో యురేనియం కూడా ఇలాగే అతి తక్కువ మోతాదుల్లో నీటిలోకి దిగవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి లీటరుకు 30 మైక్రోగ్రాముల తాత్కాలిక హద్దు పెట్టింది. మామూలు పరీక్షల్లో అది ఉండదు, అడిగి చేయించుకోవాలి.

నైట్రేటు కథ బండతో కాదు, మనుషులతో ముడిపడినది. రెండు సెంట్ల స్థలంలో ఇల్లు కట్టి, ఓ మూల సంపు, ఓ మూల సెప్టిక్ ట్యాంకు, గేటు దగ్గర బోరు పెట్టిన కాలనీలు ఈ పట్టణాల శివార్లలో కోకొల్లలు. సెప్టిక్ ట్యాంకు నుంచి ఇంకే నీటిలోని అమ్మోనియా నేలలో నైట్రేటుగా మారి బోరుకు చేరుతుంది. పల్లెల్లో యూరియా, పశువుల దిబ్బ ఆ పని చేస్తాయి. హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు. దీనికి రెండో హద్దు అంటూ సడలింపు లేదు. కారణం చంటిబిడ్డలు. పోతపాలు కలిపే నీటిలో నైట్రేటు ఎక్కువైతే పసికందు రక్తం ప్రాణవాయువును మోయలేక ఒళ్లు నీలంగా మారుతుంది. మరిగిస్తే నైట్రేటు పోదు. నీరు ఆవిరై తగ్గే కొద్దీ దాని సాంద్రత ఇంకా పెరుగుతుంది. పట్టణపు బోరులో నైట్రేటు ఎక్కువగా కనిపిస్తే అక్కడికి మురుగు చేరే దారి ఉందని కూడా అర్థం చేసుకోవాలి. ఇవాళ నైట్రేటు చేరిన దారిలో రేపు క్రిములూ చేరవచ్చు.

వీధి మలుపు నుంచి వంటింటి దాకా

జలాశయం నుంచి వచ్చిన నీరు పటికతో తేరుకుని, ఇసుక పడకల్లో వడకట్టుకుని, క్లోరిన్ కలిసి ఓవర్‌హెడ్ ట్యాంకుకు చేరే దాకా దాని మీద నిఘా ఉంటుంది. అక్కడి నుంచి ఇంటికి వచ్చే లోపే ఎక్కువ అనర్థాలు జరుగుతాయి. దీనికి మూలం వేళకు వదిలి, వేళకు ఆపే సరఫరా పద్ధతి.

వాల్వు కట్టేశాక వీధి పైపులో నీరు పల్లానికి జారిపోతుంది. జారే నీటి వెనుక పైపులో ఒత్తిడి బయటి గాలి కంటే తగ్గుతుంది. నీరు నిండుగా ఉన్నప్పుడు పగులులో నుంచి బయటికి కారుతుంది. ఒత్తిడి తగ్గినప్పుడు అదే పగులు బయటి తడిని లోపలికి పీలుస్తుంది. ఆ బయటి తడి ఎలాంటిదన్నదే ప్రశ్న. వీధి మెయిన్ నుంచి ఇంటికి వచ్చే సన్నటి సర్వీసు పైపు చాలా పాత వీధుల్లో డ్రైనేజీ కాలువను దాటుకునే వస్తుంది. కొన్నిచోట్ల కాలువ అడుగునే పడి ఉంటుంది. జీఐ పైపైతే మురుగులో నాని తుప్పుకు చిల్లులు పడతాయి. ప్లాస్టిక్ పైపైతే అతుకు దగ్గర వదులవుతుంది. దీనికి తోడు కుళాయికి నేరుగా మోటారు బిగించి నీరు లాగే అలవాటు ఉంది. మోటారు లాగేది కార్పొరేషన్ నీటినే కాదు. ధార సరిగా రాని క్షణంలో పక్కింటి సర్వీసు పైపు చిల్లు నుంచి కాలువ నీటిని కూడా లాగుతుంది. మోటారు ఉన్నవారికి నీరు ఎక్కువ వస్తుంది, పల్లపు ఇంటివారికి మురుగు వాటా ఎక్కువ వస్తుంది.

మళ్లీ నీరు వదిలినప్పుడు కుళాయి ముందు గాలి కక్కుతుంది, తర్వాత ఎర్రటి లేదా మసక నీరు వస్తుంది, కొన్ని నిమిషాలకు తేటపడుతుంది. పైపు గోడలకు పట్టిన పాచి, తుప్పు, ఆగిన వేళల్లో లోపలికి చేరినదంతా ఆ మొదటి ధారలో ఉంటాయి. తొందరలో ఆ ధారే నేరుగా సంపులోకి వెళుతుంది, అంతకుముందు రోజు మిగిలిన తేట నీటిలో కలుస్తుంది.

ఇది ఊహాగానం కాదని చెప్పే అధ్యయనం పొరుగు రాష్ట్రంలో జరిగింది. కర్ణాటకలోని హుబ్లీ-ధార్వాడలో కొన్ని వార్డులకు నిరంతర సరఫరా, మిగతా వార్డులకు వేళల సరఫరా ఉన్న కాలంలో పరిశోధకులు రెండు రకాల కుళాయిల నీటినీ పరీక్షించారు. 2013లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం వేళల సరఫరా కుళాయి నమూనాల్లో 31.7 శాతంలో మలసంబంధ కాలుష్యాన్ని సూచించే ఇ.కోలై బ్యాక్టీరియా కనిపించింది. నిరంతర సరఫరా కుళాయిల్లో 0.7 శాతంలోనే. ఊరు ఒక్కటే, తేడా పైపు ఎప్పుడూ నిండుగా ఉండటంలో ఉంది.

తిరుపతికి మరింత దగ్గరి పోలిక పూరీ. అదీ యాత్రికుల ఊరే, అక్కడా రోజూ వచ్చిపోయే జనం స్థానికుల అవసరానికి తోడవుతారు. 2021 జులైలో ఒడిశా ప్రభుత్వం అక్కడ కుళాయి నుంచి నేరుగా తాగగలిగే నీటిని 24 గంటలూ ఇచ్చే పథకాన్ని ప్రారంభించింది. నీటి మూలం మార్చడంతో సరిపోయే పని కాదది. పైపులు మార్చాలి, మీటర్లు పెట్టాలి, లీకేజీలు పట్టుకోవాలి. రోజంతా నీరు ఇస్తే ఎక్కువ ఖర్చవుతుందన్న భయం నగరపాలక సంస్థలకు సహజం. అయితే లీకులు కట్టడి చేసి మీటరు పెట్టిన చోట, మళ్లీ ఎప్పుడొస్తుందో అని పట్టి ఉంచుకునే నీరు, కొత్త నీరు రాగానే పారబోసే పాత నీరు తగ్గిపోతాయి.

తాగునీటిలో క్రిములు చేరితే ముప్పు ఎంతవరకు వెళుతుందో ఆంధ్రప్రదేశ్ చూసింది. 2018 మార్చిలో గుంటూరు పాతబస్తీలో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. తాగునీటి పైపుల్లో మురుగు కలవడం వైపే అప్పుడు వేళ్లు చూపాయి. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలోనూ అతిసారం కమ్ముకుంది. అలాంటి నీటిలో టీడీఎస్ మీటరు ముంచినా మామూలు అంకే చూపవచ్చు.

సంపు సంగతి వేరే చెప్పాలి. 2021 నవంబరు వరదల్లో తిరుపతిలో కాలనీలకు కాలనీలు నీట మునిగాయి. నేలమట్టానికి మూత ఉన్న ప్రతి సంపులోకీ వీధి నీరు దిగింది. వరద లేని రోజుల్లోనూ మూత చుట్టూ ఉన్న సందు నుంచి వాకిలి కడిగిన నీరు, బొద్దింకలు లోపలికి వెళుతూనే ఉంటాయి. సిమెంటు సంపు గోడకు పగులు ఉంటే సెప్టిక్ ట్యాంకు తడి చేరడానికి పెద్ద దూరం లేదు. సంపు ఇంటివారి సొత్తు కాబట్టి దానికి ఏ అధికారీ బాధ్యుడు కాడు, నమూనాలు తీసేవారూ ఉండరు.

మందు వాసన వచ్చినా, రాకపోయినా

కుళాయి నీటి మీద ఫిర్యాదుల్లో క్లోరిన్ వాసనకు ప్రత్యేక స్థానం ఉంది. వీధి చివరి ఇంటి కుళాయిలో కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది ప్రమాణం. పైపులో ఎక్కడైనా మురుగు చేరితే దాన్ని ఎదుర్కోవడానికి మిగిలిన ఏకైక రక్షణ అదే. ట్యాంకుకు దగ్గర ఇంటికి వాసన గట్టిగా తగలడం, చివరి ఇంటికి అసలు తగలకపోవడం ఒకే లైనులో జరుగుతుంది. దారి పొడవునా పైపు పాచి, తుప్పు క్లోరిన్‌ను తినేస్తాయి. అందువల్ల వాసన వచ్చిందని ఫిర్యాదు చేసే ఇంటికంటే, వాసన అసలు రాని ఇంటి పరిస్థితే ఎక్కువ ఆందోళన కలిగించాలి.

ఇంకో మెలిక కూడా ఉంది. ముక్కు అదిరేంత ఘాటు వాసన వస్తే మందు ఎక్కువైందని అనుకోవడం సహజం. చాలాసార్లు అది స్వచ్ఛమైన క్లోరిన్ వాసన కాదు. నీటిలోని అమ్మోనియా వంటి మలినాలతో క్లోరిన్ కలిసి ఏర్పడే క్లోరమిన్ల వాసన. అంటే మలినానికి తగినంత మందు పడలేదని కావచ్చు. బ్లీచింగ్ పౌడరు వాడే చిన్న పథకాల్లో దీనికి అవకాశం ఎక్కువ. తాజా పౌడరులో మూడోవంతు దాకా క్లోరిన్ ఉంటుంది గానీ, రేకుల షెడ్డులో ఎండకూ తేమకూ వదిలేసిన బస్తాలో అది వేగంగా తగ్గుతుంది. కొలత ప్రకారమే వేసినా మోతాదు చాలదు. ఆకురసం కలిసిన నీటిలో క్లోరిన్ వేస్తే ట్రైహాలోమీథేన్లు అనే హానికర రసాయనాలు ఏర్పడతాయన్న ఆందోళన కొందరికి ఉంది. అది నిజమే, వాటికీ హద్దులున్నాయి. కానీ దానికి విరుగుడు క్లోరిన్ వేసే ముందు ఆకురసాన్ని బాగా వడకట్టడం, అంతేగాని క్లోరిన్ మానేయడం కాదు. క్లోరిన్ లేని నీటి ముప్పు మరునాడే ఆసుపత్రిలో కనిపిస్తుంది.

ఆర్వో ఎక్కడ అవసరం, ఎక్కడ కాదు

ఆర్వో పొర ఫ్లోరైడు, నైట్రేటు, కాఠిన్యం అన్నిటినీ తగ్గిస్తుంది. 1200 టీడీఎస్ బోరు నీరే దిక్కైన కాలనీకి అది సరైన సాధనం. కల్యాణి నీరో, తెలుగుగంగ నీరో వచ్చే కుళాయికి అది అనవసరపు భారం. అక్కడ కావలసింది క్రిముల మీద రక్షణ. మరిగించడం, లేదా తేట నీటికి యూవీ దీపం చాలు. నీరు తెర్లే దాకా కాచి మరో నిమిషం ఉంచితే సరిపోతుంది. 500 లోపు టీడీఎస్ ఉన్న నీటికి ఆర్వో వాడకుండా చూడాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019లో ఆదేశించింది. నీటి వృథాయే దానికి ముఖ్య కారణం. మామూలు ఇంటి ఆర్వో ఒక లీటరు మంచినీటికి మూడు లీటర్ల దాకా కాలువలోకి వదులుతుంది. ట్యాంకరు నీరు కొనే ఇంట్లో ఆ లెక్క వేసుకుంటే క్యాను ధర చవకనిపిస్తుంది.

క్యాను నీటికి మరో బలహీనత ఉంది. ఆర్వో దాటిన నీటిలో క్లోరిన్ మిగలదు. నింపే ముందు క్యానును ఎలా కడిగారన్నది, మూత ఎంతసేపు తెరిచి ఉందన్నది, ఇంట్లో క్యానును తలకిందులుగా పెట్టే పింగాణీ కుండను చివరిసారి ఎప్పుడు తోమారన్నదే దాని భవిష్యత్తును తేలుస్తాయి. టీడీఎస్ 40 ఉన్న నీటిలో క్రిములు పెరగవన్న హామీ లేదు.

రిపోర్టు చేయించే తీరు

జల్ జీవన్ మిషన్ కింద గ్రామీణ నీటి సరఫరా ప్రయోగశాలల్లో సాధారణ పౌరులూ నామమాత్రపు రుసుముతో పరీక్ష చేయించుకునే ఏర్పాటు వచ్చింది. బోరు నీటికి ఫ్లోరైడు, నైట్రేటు, కాఠిన్యం, టీడీఎస్ అడగాలి. వేసవి చివర ఒకసారి, వానల తర్వాత ఒకసారి చేయిస్తే రెండు అంచులూ తెలుస్తాయి. కుళాయి నీటికి ముఖ్యం బ్యాక్టీరియా పరీక్ష, మిగిలిన క్లోరిన్ పరీక్ష. క్లోరిన్‌ను కుళాయి దగ్గరే చూడాలి. సీసాలో పట్టి ప్రయోగశాలకు తీసుకెళ్లేసరికి అది ఎగిరిపోతుంది. నీటి సిబ్బంది దగ్గర ఉండే క్లోరోస్కోపులో చుక్క మందు వేయగానే వచ్చే పసుపు ఛాయను బట్టి మోతాదు తెలుస్తుంది. బ్యాక్టీరియా నమూనాకు కాచి శుభ్రం చేసిన ప్రయోగశాల సీసానే వాడాలి. ఖాళీ శీతల పానీయాల సీసాలో పట్టుకెళ్లిన నీరు ఆ సీసా సంగతే చెబుతుంది. పట్టిన నీటిని చల్లగా ఉంచి అదే రోజు అప్పగించాలి. గ్రామాల్లో వాడే హెచ్2ఎస్ సీసా ఇంతకంటే సులువు. నీరు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే నల్లబడటం మల కాలుష్యానికి సూచన.

నమూనా ఎక్కడ పట్టామన్నదే రిపోర్టుకు ప్రాణం. ఒకే రోజు మూడు చోట్ల పట్టాలి: వీధి నుంచి నేరుగా వచ్చే ధార తేటపడ్డాక, సంపులో నుంచి, వంటింటి కుళాయి నుంచి. మొదటిది శుభ్రంగా ఉండి సంపు నీటిలో ఇ.కోలై కనిపిస్తే మూత, పగులు, కడగడం అన్నీ ఇంటివారి పనే. కడిగాక 25 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడరును వెయ్యి లీటర్లకు 4 గ్రాములు వేస్తే లీటరుకు 1 మిల్లీగ్రాము మోతాదు పడుతుంది. సంపు బాగుండి వంటింటి నీరు చెడితే మేడమీది ట్యాంకును చూడాలి. వీధి ధారలోనే దోషం ఉంటే, అదీ ఒకే వాల్వు కింద ఉన్న మూడు నాలుగు ఇళ్లలో ఉంటే, ఆ రిపోర్టులన్నీ కలిపి కార్పొరేషన్ ఇంజనీరింగ్ విభాగానికి ఇవ్వాలి. ఒక్క ఇంటి ఫిర్యాదుతో వీధి తవ్వరు. ఒకే లైను మీద నాలుగు రిపోర్టులు ఉంటే ఏ రెండు ఇళ్ల మధ్య తవ్వాలో కూడా తెలుస్తుంది.